బిగుసుకుపోయిన కుట్టు మిషన్: అమ్మ మిషన్ బాగుచేసిన డైరీ

మొదటి రోజు

ఆరేళ్ళుగా దుప్పటి కప్పి మూలన ఉంచిన అమ్మ కుట్టు మిషన్ని ఈ రోజు కిటికీ దగ్గరికి జరిపాం. నల్లటి ఇనుప మిషన్, మీద బంగారు రంగు పూలు, కింద కాలితో తొక్కే స్టాండు. మోటారు లేదు. తిన్నగా కుట్టడం తప్ప దానికి వేరే కుట్టు రాదు. చిన్నప్పుడు నేను వేసుకున్న బట్టల్లో సగానికి పైగా దీని మీద కుట్టినవే. ఇది మళ్ళీ నడవాలని నాకు చాలా కోరికగా ఉంది.

చక్రం పట్టుకొని తిప్పబోతే కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"బలవంతం చెయ్యకు తల్లీ. లోపల ఏదన్నా వంగిందంటే ఇక దాని పని అంతే."

నిజమే. బిగుసుకున్న మిషన్ని మొండిగా తిప్పితే సూది కింద తిరుగుతూ పై దారాన్ని పట్టుకునే షటిల్ మొన దెబ్బతినొచ్చు. ముందు బిగువు ఎక్కడుందో తెలియాలి. చక్రం మధ్యలో ఒక గుండ్రటి నట్టు ఉంటుంది, బాబిన్ (కింది దారం ఉండే చిన్న చుట్ట) చుట్టేటప్పుడు వదులు చేసేది. దాన్ని మన వైపుకి తిప్పి వదులు చేశాను. చక్రం ఒక్కటే హాయిగా తిరిగింది. అంటే చక్రంలో తప్పు లేదు, పట్టేసింది మిషన్ తలలోనే. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గింది.

మూలన పెట్టక ముందు ఏమైందని అడిగాను. గుడ్డ కింది వైపు దారం ఉచ్చులు ఉచ్చులుగా వచ్చేదట. కింది వైపు కాబట్టి బాబిన్‌దే తప్పు అనుకొని, బాబిన్ కేసు మీదున్న చిన్న మరను అమ్మ చాలాసార్లు తిప్పి చూసిందట. తర్వాత మిషన్ బరువెక్కింది, ఆ తర్వాత తొక్కలేకపోయింది.

"నూనె వేసేదానివి కాదా అమ్మా?"

"వేసేదాన్ని. మిషన్ ఆయిల్ అయిపోయినప్పుడు వంటనూనె వేసేదాన్ని. నూనె నూనే కదా అనుకున్నాను."

అసలు కారణం అక్కడ దొరికింది. వంటనూనె, తలనూనె లాంటివి గాలి తగిలితే మెల్లగా చిక్కబడి జిగురవుతాయి, ఇంకొన్నాళ్ళకు వార్నిష్‌లా గట్టిపడతాయి. మిషన్ ఆయిల్ ఖనిజ నూనె, పల్చగా నీళ్ళలా ఉంటుంది, అలా గట్టిపడదు. ఎడమ వైపు మూత పలక విప్పి చూస్తే సూది కడ్డీ మీద తేనె రంగులో పొర. గోటితో గీస్తే పెచ్చులుగా లేచింది.

ఈ రోజుకి ఇంతే. ఫోటోలు అన్ని వైపుల నుంచీ తీసుకున్నాను. విప్పిన మరలు వేసుకోవడానికి గళ్ళు ఉన్న డబ్బా ఒకటి సిద్ధం చేశాను. పై దారం బిగువుని సరిచేసే టెన్షన్ మరను ఈ పని పూర్తయ్యేదాకా తిప్పకూడదని నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను. కుట్టు చెడగానే అందరం మొదట చెయ్యి వేసేది దాని మీదే. మురికి అంతా పోయాక కూడా తప్పు మిగిలితే అప్పుడు చూద్దాం.

రెండో రోజు

సూది తీశాను, గుడ్డను నొక్కి పట్టే ఫుట్ తీశాను. ఫుట్ కింద ఉండే ప్లేటుకి రెండు మరలు. కదలనని మొరాయించాయి. ఇక్కడ సన్న మొన స్క్రూడ్రైవర్ పెడితే మర తల గాడి చితికిపోతుంది. గాడి వెడల్పంతా నిండే స్క్రూడ్రైవర్ వెతికి తెచ్చి, ఒక్కో చుక్క కిరసనాయిలు వేసి, గంట సేపు వదిలేశాను. తర్వాత పైనుంచి బరువు మోపి తిప్పితే చిన్న చప్పుడుతో వదిలాయి.

ప్లేటు ఎత్తగానే కనిపించింది చూసి అమ్మ కూడా ఆశ్చర్యపోయింది. గుడ్డను జరిపే పళ్ళ వరసల మధ్య నూగు పేరుకొని, నూనె తాగి, ఫెల్టు గుడ్డలా గట్టిపడి ఉంది. పట్టకారుతో ఒక మూల పట్టుకొని లాగితే మొత్తం ఒకే ముక్కగా వచ్చింది. దాదాపు మూడు మిల్లీమీటర్ల మందం. అడుగున పళ్ళ గాళ్ళ అచ్చు దిగి ఉంది. బూడిద రంగు ముద్దలో అక్కడక్కడా ఎర్ర పోగులు, నీలం పోగులు. "ఆ నీలం నీ స్కూలు బట్టలది," అంది అమ్మ. ఆ ముక్కను పారెయ్యబుద్ధి కాలేదు, డబ్బాలో ఒక గడిలో పెట్టాను.

ఇంత మందం ముద్ద అక్కడ ఉంటే ఏమవుతుందో చెప్పాలంటే ఈ పళ్ళు ఎలా నడుస్తాయో చెప్పాలి. పైకి లేస్తాయి, గుడ్డను పట్టి వెనక్కి జరుపుతాయి, కిందికి దిగుతాయి, ఖాళీగా ముందుకొస్తాయి. ఈ నాలుగు కదలికల పద్ధతికి అలెన్ విల్సన్ 1854లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి ఇంటి మిషన్లూ గుడ్డను అలాగే జరుపుతాయి. కింద నూగు గట్టిపడితే పళ్ళు పూర్తిగా కిందికి దిగలేవు. పళ్ళ మధ్య గాళ్ళు నిండిపోతే గుడ్డ మీద పట్టు ఉండదు. కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి పడతాయి. గుడ్డ జరగట్లేదని మనం చేత్తో లాగుతాం, లాగితే సూది వంగుతుంది, వంగిన సూది ప్లేటుకి కొట్టుకుంటుంది. ప్లేటు రంధ్రం అంచున రెండు చిన్న గాట్లు నాకు వేలికి తగిలాయి కూడా. బాగా సన్న ఎమరీ కాగితాన్ని మడిచి, గరుకు పోయేవరకే రుద్దాను.

మిగతా నూగుని బ్రష్షుతో, పట్టకారుతో తీశాను. నోటితో ఊదలేదు. ఊదితే తడి తగులుతుంది, పైగా నూగు ఇంకా లోపలి సందుల్లోకి పోతుంది. గాలి కొట్టే డబ్బాలతోనూ ఇదే ఇబ్బంది.

మూడో రోజు, నాలుగో రోజు

ఈ రెండు రోజులూ కిరసనాయిలు పనే. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకొని మొదలుపెట్టాను. ఇది మోటారు లేని పూర్తి ఇనుప మిషన్ కాబట్టి ఈ పద్ధతి పెట్టుకున్నాను. ప్లాస్టిక్ పళ్ళ చక్రాలున్న కొత్త మిషన్లకి ఇది పనికిరాదు. మోటారున్న వాటికి ముందు ప్లగ్గు పీకాలి, మోటారులోకి కిరసనాయిలు గానీ నూనె గానీ పోకూడదు. కొన్ని కొత్త మోడళ్ళలో నూనె వెయ్యొద్దనే రాసి ఉంటుంది, వాటితో వచ్చిన పుస్తకం చూడటమే మేలు.

బెల్టు తీసి, మిషన్ తలను వెనక్కి వాల్చి, కింద పాత గుడ్డలు పరిచాను. ఇనుము ఇనుముతో రాసుకునే ప్రతి చోటా ఒక్కో చుక్క. పైన నూనె రంధ్రాలు, ఎడమ మూత లోపల సూది కడ్డీ, ఫుట్ కడ్డీ, దారం లాగే చేతి కీలు, వెనక గుండ్రటి మూత లోపల, కింద రెండు పొడుగాటి కడ్డీల చివర్లు. లెక్కపెడితే ఇరవై దాటాయి. గంట ఆగి చక్రాన్ని అటూ ఇటూ ఊపాను. మొదట గోరంత కదలిక. మళ్ళీ చుక్కలు, మళ్ళీ ఆగడం. సాయంత్రానికి పావు చుట్టు తిరిగింది.

రాత్రంతా నానింది. నాలుగో రోజు పొద్దున చక్రం మీద చెయ్యి వేస్తే మెత్తగా అరచుట్టు తిరిగి ఆగింది, వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకి తిప్పితే, ఆరేళ్ళ తర్వాత మొదటిసారి, సూది కడ్డీ పైకొచ్చి కిందికెళ్ళింది. అమ్మని కేక వేసి పిలిచాను. ఆవిడ వచ్చి ఒక్క వేలితో తిప్పింది. ఏమీ అనలేదు గానీ చాలాసేపు తిప్పుతూనే ఉంది.

కరిగిన జిడ్డు గోధుమ రంగులో కారుతూనే ఉంది. తుడవడం, చుక్క వెయ్యడం, తిప్పడం, మళ్ళీ తుడవడం. గుడ్డకి రంగు అంటని స్థితి వచ్చేదాకా ఇదే. కిరసనాయిలు జిడ్డుని కరిగిస్తుంది గానీ నూనెలా కాపాడదు. దాన్ని అలాగే వదిలేస్తే ఇనుము పొడిగా రాసుకొని అరుగుతుంది, తుప్పూ పడుతుంది. అందుకే అంతా తుడిచాక అవే ఇరవై చోట్లా మిషన్ ఆయిల్ చుక్క చుక్క వేసి ఐదు నిమిషాలు చక్రం తిప్పాను. తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడెయ్యకుండా ఆరుబయట విడివిడిగా ఆరబెట్టాను.

పై బాడీ తుడిచేటప్పుడు ఒక జాగ్రత్త పనికొచ్చింది. పూల మీద చెయ్యి వేసే ముందు, ఎవరికీ కనిపించని వెనక మూలలో స్పిరిట్ అద్దిన గుడ్డని ఒక్కసారి తాకించి చూశాను. గుడ్డకి గోధుమరంగు అంటింది, ఆ చోట నిగనిగ పోయింది. పాత నల్ల మిషన్ల మీద పూత చాలావరకు లక్కతో చేసిన వార్నిష్, స్పిరిట్‌లో కరిగిపోతుంది. పూల మీద పడి ఉంటే బంగారు రంగు తెల్లబడిపోయేది. మిషన్ ఆయిల్ అద్దిన మెత్తటి గుడ్డతోనే మొత్తం తుడిచాను. ఆలస్యమైంది, కానీ ఒక్క పువ్వు కూడా చెదరలేదు.

ఐదో రోజు

షటిల్. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, అన్నిటికంటే భయపడిందీ దీని గురించే.

సూదిని పూర్తిగా పైకి తెచ్చి, బాబిన్ కేసు లాగేసి, రెండు పక్కలా ఉన్న చిన్న మీటల్ని బయటికి తోస్తే రింగు వదులవుతుంది. రింగు తీసి, షటిల్‌ని మధ్య పిన్ను పట్టుకొని లాగితే చేతిలోకి వస్తుంది. వెనక గాడిలో నల్లటి జిడ్డు, దానిలో చుట్టుకొని ఇరుక్కున్న ఆకుపచ్చ దారం ముక్క. సూది మొనతో పొడిచి పొడిచి తీస్తే బెత్తెడు పొడవుంది.

షటిల్ మొన దారాన్ని ఎలా పట్టుకుంటుందో చూడాలని ఎప్పటినుంచో ఉంది. సూది అడుగుకి దిగి, కాస్త పైకి లేచినప్పుడు సూది బెజ్జం వెనక దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. ఆ క్షణంలో షటిల్ మొన వచ్చి ఉచ్చులో దూరి, దాన్ని బాబిన్ చుట్టూ తిప్పి వదిలేస్తుంది. సూది లేవాల్సిన ఎత్తు సుమారు రెండు మిల్లీమీటర్లే. అంత సన్నటి లెక్కలో మొన మీద చిన్న గాటు ఉన్నా దారం పీచులుగా చీలుతుంది, తెగుతుంది. దూది పింజను మొన మీదుగా లాగి చూశాను. ఒక చోట పట్టుకుంది. కంటికి కనిపించని గాటు దూదికి దొరికింది. 1200 నంబరు ఎమరీ కాగితంతో నాలుగు సార్లు రుద్దాను, దూది జారిపోయింది, ఆపేశాను. మొన ఆకారం మారేదాకా రుద్దితే షటిల్ పాడైనట్టే.

తిరిగి పెట్టడం తేలిక, గుర్తు ఒకటే: షటిల్‌ని నడిపే భాగం ఒక అర్ధచంద్రం, షటిల్ రెండో అర్ధచంద్రం, రెండూ కలిసి నిండు చంద్రుడు కావాలి. గాడిలో ఒకే ఒక్క చుక్క నూనె. ఎక్కువ వేస్తే మొదటి గుడ్డంతా మరకలే.

బాబిన్ కేసు మీది పల్చటి స్ప్రింగు కింద పోస్టుకార్డు మూలను జరిపితే బూడిద రంగు పొడి రాలింది. అమ్మ తిప్పిన చిన్న మరని ఇప్పుడు సరిచెయ్యక తప్పలేదు. నిండు బాబిన్ పెట్టి, దారం చివర పట్టుకొని కేసుని వేలాడదీశాను. దానంతట అది సర్రున జారిపోయింది, అంటే మరీ వదులు. మరను పావు చుట్టు కంటే తక్కువగా బిగించాను. ఇప్పుడు వేలాడుతూ ఆగుతోంది, చేతిని చిన్నగా విదిలిస్తే రెండు మూడు అంగుళాలు జారి మళ్ళీ ఆగుతోంది. కావాల్సింది ఇదే.

ఆరో రోజు

చక్రం విప్పి లోపల తుడవడానికి పది నిమిషాలు, తిరిగి బిగించడానికి రెండు గంటలు.

మధ్య నట్టు మీద ఒక బుల్లి మర ఉంటుంది, ముందు దాన్ని వదులు చెయ్యాలి. నట్టు తీస్తే వెనక ఒక వాషరు. లోపలి అంచున రెండు చిన్న నాలుకలు, బయటి అంచున మూడు చెవులు. తీసిన వెంటనే ఫోటో తీసుకోవాల్సింది, తీసుకోలేదు. అంతా తుడిచి, నూనె రాసి, బిగించి చక్రం తిప్పితే చక్రం తిరుగుతోంది, సూది కదలడం లేదు. లోపల ఏదో విరగ్గొట్టానని గుండె ఆగినంత పనైంది. మూడుసార్లు విప్పి చూశాను, ఏమీ విరగలేదు. చివరికి వాషరుని అరచుట్టు తిప్పి పెట్టాను. నట్టు బిగించగానే సూది కదిలింది. వాషరు చెవులు బుల్లి మరకి తగిలే తీరుని బట్టి నట్టు ఎంత దూరం బిగుస్తుందన్నది ఉంటుంది. తప్పు వైపు కూర్చుంటే నట్టు పూర్తిగా బిగుసుకోకముందే ఆగిపోతుంది. చక్రం పట్టు దొరకట్లేదని అనిపిస్తే ముందు ఈ వాషరునే చూడండి.

ఏడో రోజు

ఇప్పుడు పై టెన్షన్ దగ్గరికి వచ్చాను. మరను తిప్పకుండానే ఒక పరీక్ష. పై దారం ఎక్కించి, సూదిలో గుచ్చకుండా, ఫుట్ పైకెత్తి దారం లాగాను. సులువుగా వచ్చింది, రావాలి కూడా. ఫుట్ ఎత్తినప్పుడు టెన్షన్ బిళ్ళలు విడిపోతాయి. ఫుట్ దించి లాగాను. అప్పుడూ అంతే సులువుగా వచ్చింది. బిళ్ళలు దగ్గరికే రావట్లేదు.

ఎన్నో గుండీలు కుట్టిన చేతులతో అమ్మ ఒక పాత గుడ్డ పీలిక చింపి, రెండు బిళ్ళల మధ్య పెట్టి, అటూ ఇటూ లాగింది. మూడోసారికి గోధుమగింజంత నూగు ముద్ద బయటికొచ్చింది, దానిలో ఆకుపచ్చ దారం. షటిల్‌లో దొరికిన దారమే.

కింద ఉచ్చులు రావడానికి కారణం ఇదే. పై దారం, కింది దారం గుడ్డ మందం మధ్యలో ముడిపడాలి. పై దారానికి పట్టు లేకపోతే కింది దారం దాన్ని కిందికి లాగేసుకుంటుంది. తప్పు గుడ్డ కింద కనిపిస్తుంది, కారణం మాత్రం పైన ఉంటుంది. అమ్మ అప్పట్లో బాబిన్ మరని తిప్పుతూ వెతికింది ఈ గింజంత నూగు కోసం.

"అయితే నేను దాన్ని ఊరికే తిప్పానన్నమాట," అంది.

"కింద ఉచ్చులు కనిపిస్తే ఎవరైనా కిందే చూస్తారమ్మా."

బిళ్ళల్ని విప్పి, తుడిచి, ఉబ్బెత్తు వైపులు ఎదురెదురుగా పెట్టి, అదే వరసలో బిగించాను. ఈసారి ప్రతి ముక్కకీ ఫోటో ఉంది. ఒక అలవాటు కూడా మార్చుకోవాలి. దారం ఎప్పుడూ ఫుట్ ఎత్తి ఉంచి ఎక్కించాలి. ఫుట్ దించి ఎక్కిస్తే దారం బిళ్ళల మధ్యకి పోకుండా అంచు మీదే ఉండిపోతుంది, అప్పుడూ ఇవే ఉచ్చులు.

ఎనిమిదో రోజు

స్టాండు. పెడల్ కీళ్ళలో, పెద్ద చక్రం ఇరుసులో, రెండింటినీ కలిపే కడ్డీ చివర్లలో నూనె. కిర్రుమనడం ఆగింది. తోలు బెల్టు ఎండి పగిలిపోయింది, కొత్తది వేశాం. బాబిన్ చుట్టే చిన్న చక్రం మీది రబ్బరు రింగు కూడా గట్టిపడి జారుతోంది, అదీ మార్చాం.

తొమ్మిదో రోజు

పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం. రెండు రంగులైతే ముడి ఎక్కడ పడుతోందో కంటికి తెలుస్తుంది. రెండు పొరల నూలు గుడ్డ, అంగుళానికి పది కుట్లు. అమ్మని తొక్కమన్నాను.

ఉచ్చులు లేవు. కానీ నాలుగైదు కుట్లకొకటి తప్పుతోంది. నా చెయ్యి టెన్షన్ మర వైపు పోయింది, వెనక్కి తీసుకున్నాను. సూది చూశాను. తొందరలో డబ్బాలో ఉన్న పాత సూదే పెట్టాను. గాజు పలక మీద దాని చదును వైపు ఆనించి చూస్తే మొన దగ్గర సందు తేడాగా ఉంది, వంగింది. కొత్త 14 నంబరు తీశాను. దాని మీద 90 అని కూడా ఉంటుంది, అంటే సూది మందం 0.90 మిల్లీమీటర్లు. మామూలు నూలు గుడ్డకి ఇది చాలు, పల్చటి వాటికి 11, జీన్స్ లాంటి మందపు గుడ్డకి 16. పొడుగాటి గాడి ఉన్న వైపు నుంచే దారం గుచ్చాలి, సూదిని అడ్డం తగిలేదాకా పైకి తోసి బిగించాలి. కాస్త కిందికి ఉండిపోయినా షటిల్ మొనకి ఉచ్చు అందదు.

ఈసారి ఒక్క కుట్టూ తప్పలేదు. గుడ్డని తిప్పి చూశాం. పై వైపు ఎర్ర గీత, కింది వైపు తెల్ల గీత, పైన మాత్రం అక్కడక్కడా తెల్ల చుక్కలు. పై దారం కాస్త బిగువు. తొమ్మిది రోజుల తర్వాత, బిగువు మార్చడానికి టెన్షన్ మర మీద మొదటిసారి చెయ్యి వేశాను. అరచుట్టు వదులు చేశాక చుక్కలు మాయమయ్యాయి.

అమ్మ లేవలేదు. చిరిగిన దిండు గలీబు ఒకటి తెప్పించుకొని అంచు మొత్తం కుట్టింది. మొదటి జానెడు మీద సన్నటి నూనె మరక పడింది, తర్వాత శుభ్రంగా వచ్చింది. మిషన్ చప్పుడు నాకు గుర్తున్నదాని కంటే మెత్తగా ఉంది.

మిగిలిన పని ఒకటి. కొత్త తోలు బెల్టు సాగి అప్పుడే జారుతోంది. ఇంకో వారం సాగనిచ్చి, అరంగుళం కోసి మళ్ళీ కొక్కెం వెయ్యాలి. మిషన్ ఆయిల్ సీసా సొరుగులో పెట్టాను. రోజంతా కుట్టే రోజుల్లో రోజుకోసారి, ఎప్పుడో కుట్టేటప్పుడైతే కుట్టే ముందు ఒక్కో చోట ఒక్కో చుక్క. బాబిన్ ఖాళీ అయినప్పుడల్లా బ్రష్షుతో ఒకసారి దులపడం. సొరుగు మూత లోపలి వైపు అమ్మ ఆ ఇరవై చోట్ల బొమ్మ పెన్సిలుతో గీసి పెట్టుకుంది.